మెరుగుదల: శూన్యం

మా ఇంటి యజమాని ఈ సృష్టిలో ఉన్న సమస్తాన్నీ రెండే రెండు కుప్పలుగా పోసేవారు. ఒకటి మరమ్మతు, రెండోది మెరుగుదల. మూడో కుప్ప లేదు. క్షవరం చేయించుకుంటే మరమ్మతు, మీసానికి రంగేయించుకుంటే మెరుగుదల. రాత్రి నిద్ర మరమ్మతు, మధ్యాహ్నం కునుకు మెరుగుదల. పెళ్ళి ఏ కుప్పలోకి వస్తుందని ఎవరో అడిగితే కాసేపు సీరియస్‌గా ఆలోచించి, "మా ఆవిడ బతికుండగా అడగాల్సిన ప్రశ్న. నన్ను మెరుగుచేద్దామని ముప్ఫై ఏళ్ళు చూసింది. చివరికి మరమ్మతుతో సరిపెట్టుకుంది" అన్నారు.

మూడంతస్తుల ఇల్లు, పదకొండు వాటాలు. పదకొండు వాటాల వాళ్ళమూ ఆయన్ని ఎదురుగా మామయ్యగారనీ, చాటుగా మరమ్మతు మామయ్య అనీ పిలిచేవాళ్ళం. చాటుగా పిలిచేది ఆయనకు తెలుసు. దాన్ని మెరుగుదల కింద రాసుకున్నారని నా అనుమానం.

నేను ఆ ఇంట్లో దిగిన రెండో రోజే కొళాయి కారింది. అప్పుడు నేనో ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, కింది వాటాలో ఉండే ఆయన తలుపు తట్టాను.

"మామయ్యగారూ, కొళాయి పోయింది. పనిలో పనిగా కాస్త మంచిది వేయించండి."

ఆయన కళ్ళజోడు పైకెత్తి నన్ను చూశారు. "ఏమన్నావమ్మా? మంచిదా?"

"అంటే, ఇప్పుడున్న దానికంటే..."

"కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆ కూర్చోవడం గంటంబావు సాగింది.

ఆయన చెప్పిందాని సారం ఇది. అద్దె ఇంటి మీద పన్ను ఉంటుంది. ఇంటికి పెట్టిన ఖర్చు మరమ్మతైతే, అంటే పాడైనదాన్ని ఉన్నట్టుగా చేయడమైతే, ఆ ఖర్చంతా ఆ ఏటి అద్దెలోంచే తీసేసి మిగతాదానికి పన్ను కట్టొచ్చు. అదే మెరుగుదలైతే, అంటే లేనిది పెట్టినా, ఉన్నదాన్ని ఇంకా గొప్పది చేసినా, ఆ ఖర్చు ఇంటి విలువలో కలిసిపోతుంది. దాన్ని ఏటా కొంచెం కొంచెం చొప్పున ఇరవయ్యేళ్ళపాటు తగ్గించుకోవాలి.

"కారే కొళాయి తీసి అలాంటిదే వేస్తే?" అని అడిగారు, లెక్కల మాస్టారిలా.

"మరమ్మతు."

"తళతళలాడేది, వేణ్ణీళ్ళు కూడా వచ్చేది వేస్తే?"

"మెరుగుదల."

"తెలివైన పిల్లవి. మరి తప్పులు దిద్దుతావుట కదా ప్రెస్సులో. అచ్చుతప్పు దిద్దడం ఏంటి?"

"మరమ్మతు."

"వాక్యం బాగాలేదని మార్చి రాస్తే?"

"మెరుగుదల."

"దానికి జీతంలో ఏమైనా కలుపుతారా?"

"తిడతారు."

"చూశావా! లోకమంతా ఒకటే లెక్క" అని సంతోషంగా లేచారు. నేను కూడా లేచాను. కొళాయి కారుతూనే ఉంది.

మూడో రోజుకి కొళాయి వచ్చింది. ఊళ్ళో ఉన్న పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, ఎక్కడో కూలగొట్టిన ఇంటిది అచ్చం అలాంటిదే పట్టుకొచ్చారు. ప్లంబరు బిగించాక తనే తిప్పి, చెవి ఆనించి విన్నారు. కీచుమంది.

"పాతది కూడా కీచుమనేది, గుర్తుందా?" అన్నారు గర్వంగా. "ఇది ఇంకో పిసరు సన్నగా అంటోంది. పరవాలేదు, వాడగా వాడగా దారికొస్తుంది."

పెయింటరు బాధ చెప్పనలవి కాదు. నేనొచ్చిన అయిదేళ్ళకి గోడలకి సున్నం పెచ్చులూడితే పిలిచారు. అతను రంగుల కార్డు తీశాడు. మామయ్యగారు దాన్ని పక్కన పెట్టి గోడ చూపించారు.

"ఈ రంగు కావాలి."

"ఇది రంగు కాదు సార్, వెలిసిపోయిన రంగు. మొదట్లో పచ్చగా ఉండి ఉంటది."

"మొదట్లో సంగతి నాకెందుకయ్యా? మొన్న ఎలా ఉందో అలా కావాలి."

"వెలిసిన రంగు డబ్బాల్లో దొరకదు సార్!"

"కలుపు."

అతను రెండు రోజులు కలిపాడు. మూడో రోజు సాయంత్రం, ముప్ఫై ఏళ్ళ ఎండావానా తిన్న పచ్చదనాన్ని మూడు బకెట్లలో సాధించి, నా దగ్గరికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "అమ్మా, నేను కొత్త గోడల్ని కొత్తగా చేశాను, పాత గోడల్ని కొత్తగా చేశాను. పాతగోడని పాతగా చేయడం మాత్రం ఇదే మొదలు. మా మేస్త్రి చూస్తే నన్ను పన్లోంచి తీసేస్తాడు" అన్నాడు.

నా పుస్తకాలకి గోడలో ఒక అర కట్టుకుంటానంటే ఆయన బెదిరిపోయారు. "సిమెంటు ముట్టుకోకు! సిమెంటు తగిలిందా, అది ఇంటిదైపోతుంది. చెక్క తెచ్చుకుని మరలు బిగించుకో. మరలతో బిగించింది మనిషిది. పోయేప్పుడు విప్పుకుని చంకన పెట్టుకుని పోవచ్చు." ఇది కూడా పన్నుల శాస్త్రమేనట. నేను మరలు బిగించుకున్నాను. ఆ మాట మనసులో బిగిసిందని అప్పుడు తెలీదు.

అన్యాయం కనబడితే చేతులు కట్టుకుని కూర్చునే అలవాటు నాకు లేదు. నేను దిగి ఆరు నెలలు తిరిగేసరికే అద్దెదారుల సంఘం పెట్టాను. నేనే కార్యదర్శిని. సభ్యుల సంఖ్య పదకొండు వాటాలు, హాజరు మూడు వాటాలు. మొదటి అర్జీలో నలభై ఒక్క డిమాండ్లు రాశాం. మెట్ల మీద వెలుతురు లేదు. కిటికీలు పడవు. పడితే తెరుచుకోవు. పెరట్లో బట్టలుతికే ఉమ్మడి సిమెంటు తొట్టి మూల విరిగి నీళ్ళన్నీ కాళ్ళ మీద పోస్తుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, కింద "అందినది" అని సంతకం చేసి, అట్టపెట్టెలో పెట్టుకున్నారు.

"అచ్చుతప్పులు లేవు కార్యదర్శిగారూ. సంతోషం."

"డిమాండ్ల సంగతి?"

"భాష చాలా బావుంది."

ఆరేళ్ళలో పద్నాలుగు అర్జీలిచ్చాం. పద్నాలుగుసార్లూ సంతకం, సంతోషం, అట్టపెట్టె. ఎనిమిదో అర్జీ నుంచి నేను విశేషణాలు పెంచాను. పన్నెండో దానిలో 'గుహ' అనే మాట మూడుసార్లు వాడాను.

తొట్టి దగ్గర మాత్రం మాకు ఓపిక పోయింది. చందాలేసుకుని, ఆయన ఊళ్ళో లేని రోజు చూసి, తాపీమేస్త్రిని పిలిచి, పాత తొట్టి కొట్టించి తళతళలాడే స్టీలు సింకు కట్టించాం. వాటాకి రెండు చొక్కాలు ఉతికి ప్రారంభోత్సవం కూడా చేశాం. మర్నాడు మామయ్యగారు వచ్చారు. సింకును చూసిన ఆయన మొహం, దొంగలు పడిన ఇంట్లోకి అడుగుపెట్టిన మనిషి మొహంలా ఉంది. అదే మేస్త్రిని పిలిపించి, సింకు జాగ్రత్తగా ఊడదీయించి, పాత కొలతలతో సిమెంటు తొట్టి మళ్ళీ కట్టించారు. అది ఆరాక, తనే సుత్తి పట్టుకుని, కొలిచి, గురి చూసి, కొత్త తొట్టి మూల ఠప్పున విరగ్గొట్టారు.

మేస్త్రి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "సార్, పిచ్చి నాకు పట్టిందా మీకు పట్టిందా?"

"పాతదానికి ఉన్న విరుపే ఇది. ఆ వంకర కూడా సరిపోయింది, చూడు" అన్నారు ఆయన.

మా చందాలు పైసాతో సహా తిరిగిచ్చి, "మీ సింకు మీది, మేడ మీద గదిలో పెట్టాను" అన్నారు. ఆ రాత్రే నేను కరపత్రం రాశాను. అందులో ఆయన్ని గురించి రాసిన మాటలు ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. 'పన్నులో పావలా మిగులుతుందంటే పసిపిల్లల పాదాలు తడిసినా చలించని' అని మొదలవుతుంది. ఆయన దాని మీద కూడా సంతకం పెట్టి, అట్టపెట్టెలో వేసుకున్నారు.

ఇలా ఉండగా బావగారు వచ్చారు. మామయ్యగారి అక్కగారి భర్త. ఇంట్లో సగం ఆవిడదే కాబట్టి ఆవిడ తరఫున ఏటా ఒకసారి కారులో వచ్చి, కారు దిగకుండానే ఇల్లు చూసి వెళ్ళేవారు. ఈసారి దిగారు. సరాసరి నా దగ్గరికే వచ్చి, "మీరేనా కార్యదర్శి? మీకేం మెరుగుదలలు కావాలో చెప్పండమ్మా. చేయిద్దాం. మా బావమరిది ఉత్త చాదస్తుడు" అన్నారు.

ఆరేళ్ళలో నన్ను కుర్చీ వేసి అడిగిన యజమాని వర్గపు మనిషి ఆయనొక్కడే. పొంగిపోయాను. నలభై ఒక్క డిమాండ్లకి ఇంకో ఏడు కలిపి ఇచ్చాను. లిఫ్టు కూడా రాశాను.

ఆ విజయాన్ని ముందుగా మిషనక్కకి చెప్పాలని పరిగెత్తాను. మిషనక్క రెండో అంతస్తులో కుట్టుమిషను పెట్టుకుని వీధివీధంతటికీ బట్టలు కుడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే వాటా. కుడి మోకాలు ఎప్పుడో అరిగిపోయింది. మిషను తొక్కడానికి పనికొస్తుంది కానీ మెట్లెక్కడానికి రాదని ఆవిడే నవ్వుతూ చెప్పేది. నా మాట విని, తొక్కుతున్న మిషను ఆపేసింది.

"ఎవరికిచ్చావు? బావగారికా?"

"అవునక్కా. మంచాయన."

"ఓసి పిచ్చిపిల్లా! నువ్వొచ్చి ఎన్నేళ్ళైంది?"

"ఆరు."

"ఈ ఆరేళ్ళలో నీ అద్దె ఎంత పెరిగింది?"

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. సున్నా. పద్నాలుగు అర్జీలు, నలభై ఒక్క డిమాండ్లు, ఒక కరపత్రం రాసిన అద్దెదారుల సంఘం కార్యదర్శికి, ఆరేళ్ళుగా అద్దె నయాపైసా పెరగలేదన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. మా వీధిలో మిగతా ఇళ్ళ వాళ్ళు గోడకి ఒక పూత పూసి పావు వంతు, మెట్లకి నాపరాళ్ళు పరిచి సగం వంతు పెంచుకుంటూ పోతూంటే, వాళ్ళమీద కూడా నేనే వ్యాసాలు రాశాను!

మిషనక్క చెప్పింది. మామయ్యగారి నాన్న ఈ ఇల్లు కట్టకముందు పదిహేడు అద్దె ఇళ్ళు మారిన మనిషట. పోయేముందు వీలునామాలో ఒక్క షరతు రాశాడు. ఇంటికి మెరుగుదల జరిగిన ఏడు మాత్రమే అద్దె పెంచాలి, మెరుగుదలో కాదో పన్ను కాగితాలే సాక్ష్యం. అంటే కాగితాల్లో మెరుగుదల అన్న గడిలో ఒక్క అంకె పడిందా, బావగారు పదకొండు వాటాల అద్దె వీధి ధరకి తెచ్చేస్తారు.

"ఈ వీధి ధర నేను కట్టగలనా? వాటా పోతే ఇంకో పేటకి పోవాలి. నా బేరాలన్నీ ఈ వీధిలోనేనాయె. ఈ మోకాలేసుకుని కొత్తచోట ఎవర్ని వెతుక్కోను?" అంది. ఆవిడ ఏడవలేదు. సూదిలో దారం ఎక్కించుకుంది, అంతే. నాకే నేల కనిపించలేదు.

నేను ఇచ్చిన జాబితాకి మామయ్యగారు ఒప్పుకోరని తెలిసి బావగారు ఊరుకోలేదు. ఈ ఇంట్లో మెరుగుదలలు చేసి మరమ్మతులని రాస్తున్నారంటూ పన్ను ఆఫీసుకి ఉత్తరం పెట్టారు. వారం తిరక్కుండా అధికారి తనిఖీకి వచ్చాడు.

బక్కపల్చటి మనిషి, చేతిలో టార్చి, చంకలో కాగితాలు. వెనక బావగారు, ఆ వెనక మామయ్యగారు, ఆ వెనక అట్టపెట్టె మోస్తూ నేను. మామయ్యగారే మోయమన్నారు.

"ఇరవై రెండేళ్ళుగా మరమ్మతులు తప్ప మెరుగుదల లేదు. అలాంటి ఇల్లు నా సర్వీసులో చూడలేదండీ" అన్నాడు అధికారి. కొళాయి దగ్గర ఆగాడు. "ఇది కొత్తదిలా ఉందే?" తిప్పాడు. కీచుమంది. వెంటనే కట్టేశాడు.

గోడ గీకి చూశాడు. "రంగు ఎప్పుడేశారు?"

"నిరుడు" అన్నారు మామయ్యగారు.

"ఇది నిరుడేసిన రంగా?"

"చాలా కష్టపడ్డారు సార్" అన్నాను నేను.

తొట్టి చుట్టూ తిరిగాడు. విరిగిన మూలలోంచి నీళ్ళు అతని బూట్ల మీద పడ్డాయి. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"ఇవన్నీ నాటకం సార్" అన్నారు బావగారు. "ఈవిడ అద్దెదారుల సంఘం కార్యదర్శి. ఈవిణ్ణే అడగండి."

అధికారి నా వైపు తిరిగాడు. మామయ్యగారు మెల్లగా అట్టపెట్టె మూత తీసి, తేదీలవారీగా దారంతో కట్టిన నా పద్నాలుగు అర్జీలూ అతని చేతిలో పెట్టారు. అధికారి పన్నెండోది పైకి చదివాడు.

"'ఈ గుహలో ఏ ఒక్క సౌకర్యమూ ఒక్క వెంట్రుకవాసి కూడా మెరుగుపడలేదనీ, పడబోదనీ, మెరుగుదల అనే మాట ఈ యజమాని నిఘంటువులోనే లేదనీ...' ఇది మీరే రాశారా?"

"నేనే."

"నిజమేనా? కోపంలో రాశారా?"

"కోపంలోనే రాశాను సార్. అక్షరం అక్షరం నిజం." నా రాతకి అంత విలువ మళ్ళీ ఎన్నడూ దక్కలేదు.

అధికారి తల పంకించి, మేడమీద కూడా చూసేస్తానని మెట్లెక్కాడు. మెట్లు చీకటి. పట్టుకోసం చెయ్యి చాచాడు. చేతికి నున్నటి చెక్క కమ్మీ తగిలింది. టార్చి వేశాడు. కింది నుంచి రెండో అంతస్తుదాకా గోడ వెంబడి, చెయ్యి ఆనించుకోవడానికి వీలుగా, గుండ్రంగా చిత్రిక పట్టిన కమ్మీ. నేను దాన్ని నాలుగేళ్ళుగా రోజూ పట్టుకుని ఎక్కుతున్నాను. ఎప్పుడొచ్చిందో గమనించలేదు. అర్జీలు రాసే తొందరలో ఉండి ఉంటాను.

"ఇది?"

బావగారు ఎగిరి గంతేశారు. "మా మామగారి కాలంలో ఇది లేదు సార్! కావాలంటే పాత ఫొటో ఉంది!"

"ఏమండీ, ఇది మరమ్మతా, మెరుగుదలా?"

మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ప్రశ్నకి ఆయన వెంటనే జవాబు చెప్పకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. పైమెట్టు మీద మిషనక్క నిలబడి ఉంది. మరమ్మతు అనండి, ఒక్క మాట, అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. కానీ ఈ మనిషి తన మీసం విషయంలో కూడా అబద్ధం రాయడే!

"మెరుగుదలే సార్" అన్నారు.

కొత్త అద్దెలు లెక్కేసుకోవడానికి బావగారు జేబులోంచి కలం తీశారు.

"అయితే ఇంటికి కాదు" అన్నారు మామయ్యగారు. "ఈ కమ్మీ వచ్చాక ఇల్లేం మెరుగుపడలేదు. ఆవిడ మెరుగుపడింది. రోజుకి ఒక్కసారి దిగేది, ఇప్పుడు నాలుగుసార్లు దిగుతోంది. కమ్మీ ఆవిడదే. అట్టపెట్టె అడుగున కాగితం ఉంది చూడండి."

ఉంది. 'చెక్క కమ్మీ ఒకటి, మరలు ముప్ఫై రెండు, రెండో అంతస్తు కుట్టుపని ఆవిడకి ఉచితంగా ఇవ్వడమైనది.' కింద ఆయన సంతకం, మిషనక్క సంతకం, నాలుగేళ్ళ కిందటి తేదీ.

అధికారి వంగి టార్చి వేశాడు. సిమెంటు చుక్క లేదు. అన్నీ మరలే. "మీదేనా అమ్మా?" అని పైకి అడిగాడు.

"నాదే సార్. ఖాళీ చేసి పోయేప్పుడు విప్పుకుని చంకన పెట్టుకుని పోతాను" అంది మిషనక్క.

"పద్నాలుగు గజాల కమ్మీ చంకనెలా పెట్టుకుంటుందండీ?" అన్నారు బావగారు.

"అది పన్ను ఆఫీసు విషయం కాదు" అన్నాడు అధికారి. "దీని ఖర్చు లెక్కల్లో చూపించారా?"

"లేదండి. చెక్క తెచ్చి నేనే చిత్రిక పట్టుకున్నాను. ఇల్లు ఏటా ఇంత అరుగుతుందని తగ్గించుకోడానికి మీ ఫారంలో గడి ఉంది. మోకాలు అరిగితే ఎక్కడ రాయాలో వెతికాను, కనబడలేదు."

అధికారి ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూశాడు. "మనుషుల మెరుగుదలకి మా ఫారంలో గడి లేదు" అని, కలం తీసి రాశాడు. నేను అతని భుజం మీంచి చదివాను. మరమ్మతులు: సక్రమం. మెరుగుదల: శూన్యం. నేను దిద్దిన ప్రూఫులన్నిట్లోకీ అందమైన వాక్యం అది.

బావగారు కారెక్కాక నేను మామయ్యగారి వాటాకి వెళ్ళాను. క్షమాపణ అడగడం నాకు అలవాటు లేని పని. అందుకని నిలదీశాను.

"ఈ సంగతి ముందే మాకు చెప్పొచ్చుగా? ఆరేళ్ళపాటు మీ మీద అర్జీలు రాయించుకున్నారే!"

"చెబితే అంత కోపంగా రాసేదానివా?" అన్నారు. "ఎనిమిదోది నుంచి విశేషణాలు పడ్డాక నాకు ధైర్యమొచ్చింది."

ఆ ఆదివారం సంఘం సమావేశమైంది. ఆ ఒక్కసారీ పదకొండు వాటాల వాళ్ళూ వచ్చారు. పదిహేనో అర్జీ ఏకగ్రీవంగా ఆమోదించి, నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. 'ఈ ఇంట్లో ఎలాంటి మెరుగుదలా చేయరాదని, చేసినచో తీవ్ర ఆదోళన చేపట్టగలమని హెచ్చరిస్తున్నాము.'

మామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఒకచోట ఆగారు. మళ్ళీ చదివారు. మొహం వెలిగింది.

"కార్యదర్శిగారూ, ఇన్నాళ్ళకి దొరికావు. 'ఆందోళన'లో సున్న ఎగిరిపోయింది."

చూశాను. నిజమే. సంబరంలో రాసిన రాత కదా. "ఇలా ఇవ్వండి, దిద్దుతాను."

కాగితం ఇచ్చినట్టే ఇచ్చి, ఇంకో కొసని వదల్లేదు.

"సున్న వరకే పెట్టు. వాక్యం జోలికి వెళ్ళకు."